విమానమున విశాఖకు

మా తల్లిగారికి జబ్బుగా నున్నదని తెలిసి, మేము హైదరాబాదునుండి విశాఖపట్టణమునకు మొదటిసారి విమానమున బోయితిమి. ఆకాశమార్గమున దూరము సుమారు 500 కిలోమీటర్లు, ప్రయాణము గంటంబావు. రైలుదారి 700 కిలోమీటర్లు. రాత్రి బండికి సుమారు 12 గంటలు, 2023లో వచ్చిన వందే భారతునకు ఎనిమిదిన్నర. తండ్రిగారి కడసారిచూపు మాకు దక్కనిది రాత్రి బండిలో నుండగానే.

అయినను సోదరీమణులారా, ఆ గంటంబావునే లెక్కింపకుడు! శంషాబాదు చేరుట, తనిఖీలు, నిరీక్షణము కలిసి, వాకిలినుండి వాకిలికి మాకు 6 గంటలు పట్టినది.

రఘువంశమున రాముడు పుష్పకమునుండి సీతకు ఒక్కొక్క చోటే చూపెను. మాకు మబ్బులే కనబడినవి. గోదావరి నెప్పుడు దాటితిమో తెలియలేదు. నదిలో వేయ కొంగున ముడిచిన రూపాయి అట్లే యుండిపోయినది.

అమ్మ మేలుకొనియే యున్నది. “అప్పుడే వచ్చేశారా!” అన్నది.