రెండోసారి మోగే ఫోను



పేపరు రాగానే ముందు క్రైమ్ పేజీ తిప్పుతామని ఎవరూ ఒప్పుకోరు గానీ, తిప్పని వాళ్ళు తక్కువ. ఈసారి ఆ పేజీకే జీవితం ఇచ్చిన ఎడ్నా బ్యుకానన్ గురించి రాస్తున్నాను.

ఆవిడ 1939లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో పుట్టారు. కాలేజీ చదువు లేదు. ఫ్యాక్టరీలో స్విచ్‌బోర్డులకు వైర్లు బిగించేవారు. సెలవులకని మయామీ బీచ్ వెళ్ళి, ఊరు నచ్చి మకాం అక్కడికే మార్చేశారు. ఓ చిన్న పత్రికలో పని నేర్చుకుని 'మయామీ హెరాల్డ్'లో చేరారు. పోలీసు వార్తలంటే మగవాళ్ళే రాయాలనుకునే రోజులవి. కొన్నేళ్ళకు ఆ ఊళ్ళో కొకైన్ ముఠాలు చెలరేగిపోయాయి. 1981లో మయామీ ఉన్న ఒక్క డేడ్ కౌంటీలోనే 600కు పైగా హత్యలు!

హత్య జరిగిన ఇంటికి ఎడ్నా ఫోన్ చేస్తే అవతలివాళ్ళు ఠక్కున పెట్టేసేవారు. ఆవిడ ఓ నిమిషం ఆగి మళ్ళీ చేసేవారు. ఈసారి ఇంకెవరైనా ఎత్తవచ్చు, లేదా ముందు పెట్టేసిన మనిషికే మనసు మారి మాట్లాడాలనిపించవచ్చు. మూడోసారి మాత్రం చేసేవారు కాదు, అది వేధించడమేనట. ఆ గీత ఎక్కడ గీసుకోవాలో తెలియడమే నాకు ఆవిడలో అన్నిటికన్నా నచ్చింది.

ఇక ఆవిడ అడిగే ప్రశ్నలు. చనిపోయిన మనిషి ఏం తొడుక్కున్నాడు, జేబులో ఏముంది? ఒకసారి ఓ మగమనిషి హత్య గురించి రాస్తూ బట్టల సంగతి అడగలేదు. అతని ఒంటిమీద ఆడవాళ్ళు విందులకు వేసుకునే నల్ల గౌను ఉందని తర్వాత తెలిసింది. అప్పట్నుంచి ఆ ప్రశ్న మానలేదు. మన పేపర్లలో 'గుర్తు తెలియని వ్యక్తి మృతి' అని రెండు లైన్లు చూసినప్పుడల్లా ఈ సంగతి గుర్తొస్తుంది నాకు.

పోలీసుల మాటనూ ఆవిడ అడక్కుండా వదల్లేదు. 1979 డిసెంబరులో ఆర్థర్ మెక్‌డఫీ అనే నల్లజాతి యువకుడు చనిపోయాడు. బీమా ఏజెంటు, ఒకప్పటి సైనికుడు. మోటార్‌సైకిల్ మీంచి పడ్డాడన్నారు పోలీసులు. నిజానికి వాళ్ళే వెంటాడి పట్టుకుని కొట్టారు, ప్రమాదంలా కనిపించాలని బండిని కూడా చితక్కొట్టారు. ఎడ్నాకు ఉప్పందింది. తవ్వి తీసి రాశారు. పొద్దున లేస్తే వార్త కోసం వెళ్ళాల్సింది ఆ పోలీసుల దగ్గరికే అయినా వెనకాడలేదు. కేసు నడిచింది. 1980 మేలో అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ నిందితులైన పోలీసులను నిర్దోషులంది. మయామీ భగ్గుమంది, అల్లర్లలో 18 మంది చనిపోయారు.

1986లో ఆవిడకు పాత్రికేయులకిచ్చే పులిట్జర్ బహుమతి వచ్చింది. తర్వాత నవలల్లోకి వెళ్ళారు. వాటిలో బ్రిట్ మాంటెరో అనే హీరోయిన్ ఉంది. ఆమె ఉద్యోగం ఏమిటంటారా? మయామీలో క్రైమ్ రిపోర్టరు!



మీ
సంపాదకుడు