మెదకు చుట్టూ బండ్ల బాటలు

హైదరాబాదు నుంచి మెదకు చూడబోయేవారు చేసే పని సామాన్యంగా ఒక్కటే. చర్చి ముందు కారు దిగుతారు. మెడ నొప్పి పుట్టేదాకా గోపురం వంక చూస్తారు. పిల్లలను మెట్ల మీద వరుసగా నిలబెట్టి ఫోటో తీస్తారు. ఓపిక ఉంటే కోట గుట్ట ఎక్కుతారు. చీకటి పడేలోగా ఇంటి దారి పడతారు. ఇందులో తప్పేమీ లేదు. చర్చి చూడదగ్గదే, కోటా చూడదగ్గదే. కాని మెదకు అందం సగం ఊళ్లో ఉంటే, సగం ఊరి బయట ఉంది. ఆ రెండో సగం కారుకు అందదు, బస్సుకు అసలే అందదు. దానికి సైకిలు కావాలి.

పాలవాళ్లు తొక్కే సైకిలైనా సరిపోతుంది. కాని ఇప్పుడు కుర్రకారుకు గేరు సైకిలు మీద మోజు. మొసలి వీపులాంటి లావుపాటి టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగులు, ఎత్తు ఎక్కడానికొక గేరు, దిగడానికొక గేరు. దీన్ని మౌంటెన్ బైకు అంటారు. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, టమల్పయస్ అనే కొండ మీద ఇది పుట్టింది. కొందరు యువకులు పాతకాలపు బరువు సైకిళ్లను కొండపైకి చేర్చి, మట్టి దారిన ఒక్క ఊపున కిందికి వదిలేవారు. దిగేసరికి వెనక చక్రం బ్రేకు వేడికి లోపలి గ్రీజంతా కాలిపోయేదట. మళ్లీ గ్రీజు కూరితేగాని బండి పనికిరాదు కనుక ఆ దారికి 'రీప్యాక్' అనే పేరు స్థిరపడింది. మన పల్లెల్లో క్యారియరు మీద బస్తా కట్టుకుని అలాంటి దారుల్లోనే దిగినవాళ్లు ఎందరో ఉన్నారు. దాన్ని ఆట అనుకోలేదు, అంతే తేడా.

మెదకు చుట్టుపక్కల నేల బల్లపరుపూ కాదు, పెద్ద కొండలూ లేవు. ఎర్రని మొరం, అక్కడక్కడ ఎవరో పేర్చి మరచిపోయినట్టున్న బండరాళ్లు, రెండు గుట్టల నడుమ కాస్త పల్లం కనబడితే చాలు, ఒక చెరువు. చెరువు ఉంటే కట్ట ఉంటుంది, కట్ట ఉంటే దాని మీద బాట ఉంటుంది. ఇక్కడ సైకిలు దారులన్నీ నీటి చుట్టూ ఏర్పడినవే. దారి తప్పుతామన్న భయం కూడా పెద్దగా లేదు. చర్చి గోపురం ఎత్తు 175 అడుగులు. ఏ మిట్ట ఎక్కినా ఎక్కడో ఒకచోట తెల్లగా తొంగిచూస్తుంది. అది కనబడిన దిక్కే మెదకు.

ఆ గోపురం కథ అందరికీ తెలిసిందే అయినా రెండు మాటలు చెప్పాలి. పాస్నెట్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు 1914లో పని మొదలుపెట్టించగా, పదేళ్లకు, 1924 డిసెంబరు 25న చర్చి ఆరాధనకు తెరుచుకుంది. కరువులో అలమటిస్తున్న జనానికి పని కల్పించి తిండి పెట్టడానికి దీని నిర్మాణం ఆధారమయింది. అందువల్లనే ఊరికి 'మెతుకు' అనే పేరు వచ్చిందని కొందరు చెబుతూ ఉంటారు. నేనొప్పుకోను. కాకతీయుల నాటి కోటను మెతుకు దుర్గమనడం చర్చికి ఎంతో ముందు నుంచీ ఉన్నదే.

ఇక దారుల సంగతి. అన్నిటిలోకీ నాకు ఇష్టమైనది కాలువ గట్టు దారి. మెదకుకు పడమట మంజీర మీద ఘనపురం ఆనకట్ట ఉంది. 1905లో, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కాలంలో కట్టారు. దాని నుంచి రెండు కాలువలు బయలుదేరాయి. మెదకు వైపు వచ్చేది మహబూబ్ నహరు, పాపన్నపేట వైపు పోయేది ఫతే నహరు. మహబూబ్ నహరు పొడవు 40 కిలోమీటర్లకు పైమాటే. కాలువలో నీళ్లు నెమ్మదిగా నడవాలంటే వాలు కంటికి కనపడనంత స్వల్పంగా ఉండాలి. ఇంజనీర్లు నీటికోసం చేసిన ఆ ఏర్పాటు, నూరేళ్ల తర్వాత, మోకాళ్ల నొప్పులున్న నాబోటి వాళ్లకు వరమయింది. ఎత్తుపల్లాలు లేవు. ఒక పక్క నీళ్లు, ఒక పక్క వరి మళ్లు. పొద్దున ఆరింటికి బయలుదేరితే లకుముకి పిట్టలు తూము నుంచి తూముకు మనకంటె ముందు ఎగురుతూ పోతాయి. గట్టు కొన్నిచోట్ల మూరెడు వెడల్పే. అక్కడ పౌరుషానికి పోకుండా దిగి నడవాలి. తుమ్మ ముల్లు సరేసరి.

కాలువ పుట్టినచోటికి దగ్గరలోనే ఏడుపాయల. మంజీర ఇక్కడ ఏడు పాయలుగా చీలుతుంది. జనమేజయుడు సర్పయాగం చేసిన చోటు ఇదేనని స్థలపురాణం. రాతి సందున వనదుర్గ అమ్మవారు. శివరాత్రి జాతరకు జనం లక్షల్లో వస్తారు కనుక ఆ రోజుల్లో సైకిలు ఆలోచన పెట్టుకోవద్దు. మిగతా రోజుల్లో మెదకు నుంచి పద్ధెనిమిది కిలోమీటర్ల చక్కని ప్రయాణం.

కాని ఒక్క హెచ్చరిక. ఒక ఆగస్టు నెలలో మా మేనల్లుడితో కలిసి వెళ్లాను. పైన వాన లేదు, ఎండ కాస్తున్నది. ఒక ఒర్రె దాటితే దగ్గరి దారి. నీళ్లు మోకాటి లోతుకు మించి లేవు. "మామయ్యా, సైకిలు భుజాన వేసుకుని దాటేద్దాం" అన్నాడు వాడు. అడగకుండా దాటడం నాకు అలవాటు లేదు. గేదెలు మేపుకుంటున్న ముసలాయనను పిలిచాను.

"ఎటు పోతున్నరు బిడ్డా?"

"ఏడుపాయలకు, పెద్దాయనా."

"ఈ తొవ్వల పోకుండ్రి. సింగూరు గేట్లు ఎత్తిండ్రంట. సైకిలు కొట్టుకపోతె మల్ల కొనుక్కుంటరు. మీరు కొట్టుకపోతెనో?"

మేము గట్టున కూర్చుని ఆయన ఇచ్చిన మక్క కంకులు తింటుండగానే, అరగంటలో ఆ ఒర్రె రంగు మారింది. ఎర్రగా, నురగతో, చెట్టు కొమ్మలను మోసుకుంటూ రొమ్ములోతుకు వచ్చింది. మేనల్లుడు మాట్లాడలేదు. వాన ఎక్కడో కర్ణాటకలోనో మహారాష్ట్రలోనో కురుస్తుంది, నీరు ఇక్కడికి ఎండలో వస్తుంది. వరద పెరిగితే అమ్మవారి గుడి కూడా మూసి, ఉత్సవ విగ్రహాన్ని రాజగోపురంలో ఉంచి పూజలు జరుపుతారు. కనుక వానాకాలంలో ఇటు వచ్చేవారు సింగూరు సంగతి కనుక్కోనిదే నదివైపు సైకిలు తిప్పరాదు.

పోచారం దారి వేరు. అది మెదకు నుంచి ఎల్లారెడ్డి పోయే జాతీయ రహదారి. లారీలు ఎక్కువ. పదిహేను కిలోమీటర్లు ఓర్చుకుంటే ఒకప్పుడు నిజాములు వేటాడిన అడవి, దాని పక్కన చెరువు. అడవిలో చుక్కల దుప్పులు, కణుజులు, మనుబోతులు, కొండగొర్రెలు ఉన్నాయి. 1952 నుంచి అభయారణ్యం. అటవీశాఖవారి అనుమతి లేకుండా లోపలికి సైకిలు పోనివ్వరు, పోకూడదు కూడా. చెరువు కట్ట 1916లో మొదలై 1922లో పూర్తయింది. 2025 ఆగస్టు చివర వచ్చిన వరదకు రోడ్లు తెగి, కట్ట పక్క మట్టి కోసుకుపోయి, దిగువ పల్లెలవాళ్లు రాత్రంతా నిద్రపోలేదు. అయినా ఆ పాత ఆనకట్ట నిలిచింది. ఎదుట నిలబడి చూస్తే దాని మీద గౌరవం కలుగుతుంది.

దక్షిణాన కుల్చారం. కాళిదాస కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి ఇంటిపేరు కొలాచల. ఆ కొలాచల ఈ కుల్చారమేనని పండితుల మాట. ఇక్కడే 1984లో భూమిలో నుంచి పార్శ్వనాథుని పెద్ద నల్లరాతి విగ్రహం బయటపడి, ఇప్పుడు పూజలందుకుంటున్నది. పోయేటప్పుడు తారురోడ్డున పోయి, వచ్చేటప్పుడు బండ్ల బాటన రావాలని మా ఏర్పాటు.

ఆ బాట మూడు కిలోమీటర్లు హాయిగా నడిచింది. రెండు గాడుల మధ్య గడ్డి, ఇరుపక్కల సీతాఫలపు పొదలు. తరువాత ఒక్కసారిగా ముళ్లతీగె కంచె. లోపల రంగు రాళ్లు పాతి ప్లాట్లు చేశారు. బాట కంచె కిందుగా దూరి, ప్లాట్ల మధ్యగా పోయి, అవతలి కంచె దాటి మళ్లీ కనబడుతున్నది. పక్క చేనులో మందు కొడుతున్న రైతును అడిగాను.

"నక్షాల ఉన్నదే సారు ఈ బాట," అన్నాడాయన. "ఎడ్లబండ్లు పోయినయి, ట్రాక్టర్లు రోడ్డున తిరుగుతున్నయి. తిరిగేటోళ్లు లేకపాయె. వాళ్లు కంచె ఏసిండ్రు."

ఇంగ్లండులో పొలాల నడుమ గుర్రపు బాటలు ఉన్నాయి. నడిచేవారికీ గుర్రాలవారికీ దారి వదలాలనే షరతు మీద, 1968లో పార్లమెంటు వాటిపై సైకిళ్లకు హక్కు ఇచ్చింది. అక్కడి పటంలో గీత ఉంటే భూమి యజమాని అయినా ఆ బాట మూయడానికి వీల్లేదు. మన గ్రామ నక్షాల్లోనూ బండ్ల బాటలు గీసి ఉన్నాయి. గీసినవాటిని అడిగేవారు ఉండాలి. ఆ రైతు తహసీలు ఆఫీసుకు రెండుసార్లు తిరిగాడట. మూడోసారి పోయేటప్పుడు పక్క చేన్లవాళ్లను కూడా తీసుకుపోతానన్నాడు. అవతలి చేనుకు ఎరువు మోయడానికి ఆయనకు ఇప్పుడు రెండు కిలోమీటర్ల చుట్టు. మాకు ఆట, ఆయనకు బతుకు.

వెళ్లదలచినవారికి కొన్ని సంగతులు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వాన వెలిసిన మర్నాడు నల్లరేగడిలో దిగితే చక్రం తిరగదు, మీరే సైకిలును మోయాలి. పల్లేరు కాయల ధర్మమా అని రెండు ట్యూబులు, పంపు, పంచరు సామాను లేనిదే కదలవద్దు. మొరం వాలులో ముందు బ్రేకు ఒక్కటే పట్టవద్దు. 2022లో అక్కన్నపేట నుంచి మెదకుకు 17 కిలోమీటర్ల రైలుమార్గం వచ్చింది. సైకిలును వెంట తీసుకురాదలిస్తే స్టేషనులో ముందుగా విచారించుకోవాలి.

మరొకటి. కోతల కాలంలో రోడ్డు సగం మేర వడ్లు ఆరబోస్తారు. కిందటి నవంబరులో కాలువ గట్టు దిగి తారురోడ్డెక్కేసరికి కనుచూపు మేర బంగారు చాప పరిచినట్టు వడ్లు. రెండో సగంలో లారీలు. మేము దిగి, సైకిళ్లు పట్టుకుని అంచున నడుస్తుంటే, కాలితో వడ్లు తిరగేస్తున్న ఒకావిడ నవ్వింది.

"తొక్కుకుంట పోరాదు సారు! సైకిలుకేమైతది? కార్లే పోతున్నయి మీదికెల్లి."

అయినా నడిచాము. కిలోమీటరుకు పైగా ఉన్నాయి ఆ వడ్లు.