నలుపు నిలిచిన పటం

నల్లని బొగ్గును నల్లగా ఫొటో తీయడం ఎంత కష్టమో డిజిటల్ కెమెరా కొన్న తరువాతనే నాకు తెలిసింది. గోదావరిఖనిలో పుట్టి పెరిగినవాడిని. బొగ్గు నాకు కొత్త కాదు. అయినా నేను తీసిన మొదటి చిత్రంలో బొగ్గుకుప్ప పొయ్యిలోని బూడిదవలె కనబడింది. కెమెరాలోని కాంతిమాపకం తన ఎదుటి దృశ్యం సగటున మధ్యస్థమైన బూడిదవన్నెలో ఉంటుందని ఊహిస్తుంది. నల్లని కుప్ప ఎదురైతే వెలుగు చాలలేదని భ్రమపడి ఎక్కువ కాంతిని లోనికి రానిస్తుంది. మార్కెట్ యార్డులోని తెల్లని పత్తికుప్పనూ అట్లే బూడిద చేస్తుంది. బొగ్గుకు ఎక్స్‌పోజరు తగ్గించాలి, పత్తికి పెంచాలి. ఆ నిర్ణయం యంత్రానిది కాదు, చూచేవానిది.

ఈ సంగతి తెలియడానికి ఎన్నో ఏండ్ల ముందు, 1986లో, ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో మిత్రుని అగ్ఫా క్లిక్-3 కెమెరా అడిగి తెచ్చి మా నాయనను ఫొటో తీశాను. ఆయన కోల్ ఫిల్లరు. మీథేను వాయువు అంటుకొనే ప్రమాదం ఉన్నందున భూగర్భగనిలోకి మామూలు కెమెరాను రానీయరు. అందుచేత గేటు బయట కాచుకొని నిల్చున్నాను. మొదటి షిఫ్టు ముగించి ఆయన వచ్చాడు. వేగాన్నీ, దూరాన్నీ మార్చుకొనే వీలు ఆ కెమెరాకు లేదు. నా చెయ్యి వణికింది. అంచులు చెదిరిపోయాయి. ముఖం నిండా బొగ్గు. అందులో రెండు కన్నులు మాత్రమే తెల్లగా.

నాయన పోయిన తరువాత, 2008లో, ఆ ఫొటోను ఒక స్టూడియోకు ఇచ్చి పెద్దది చేయించాను. కంప్యూటరులో వారు రేణువులు తుడిచారు, అంచులకు పదును పెట్టారు, ముఖాన్ని తెల్లబరిచారు. ఎంతో శుభ్రమైన పని. నా కెమెరా బొగ్గుకు చేసినదే వారు మా నాయన ముఖానికి చేశారు. అమ్మ చూచి, "ఇదెవరు కొడుకా? మీ నాయిన గాదు" అన్నది.

ఆ రాత్రి నాకు అలంకారశాస్త్రం గుర్తుకు వచ్చింది. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో కొన్ని దోషాలు అనిత్యాలన్నాడు. చెవికి కటువైన పదం శృంగారంలో దోషం. రౌద్రంలో అదే శోభిస్తుంది. తరగతిలో ఏండ్ల తరబడి చెప్పిన మాటే. ఫొటోలోని రేణువుకూ అది వర్తిస్తుందని అప్పటిదాకా తోచలేదు.

అట్లని మసకబారిన ప్రతి ఫొటో కళాఖండం కాదు. ఛందస్సు రానివాడు ఛందస్సును ధిక్కరించానని చెప్పుకొన్నట్లుంటుంది అది. 1937లో బిల్ బ్రాంట్ ఉత్తర ఇంగ్లండులో ఒక గనికార్మికుని రాత్రిభోజనాన్ని ఫొటో తీశాడు. ముఖం కడుక్కోకుండానే తింటున్నాడు, పక్కన భార్య. బ్రాంట్ చీకటిగదిలో తన ప్రింట్లను తానే దిద్దుకొనేవాడు. అది విద్య తెలిసినవాడు నిలిపిన నలుపు. నాది చెయ్యి వణికి దొరికిన నలుపు. ఆ తేడాను ఒప్పుకొంటాను.

మరునాడు స్టూడియోకు వెళ్లి, ఏ దిద్దుబాటూ లేకుండా మళ్లీ ముద్రించమన్నాను. "బాగుండదు సార్" అన్నాడు అక్కడి పిల్లవాడు. రేణువులు, చెదిరిన అంచులు, నలుపు అన్నీ పెద్దవై వచ్చాయి. ఫ్రేము కట్టించి ఇంటికి తెచ్చాను. అమ్మ పటాన్ని ఒడిలో పెట్టుకొని చాలాసేపు చూచింది. కొంగుతో అద్దం తుడిచి, "గదువ కింద బొగ్గు తుడ్సుకోనే లేదు" అన్నది.