స్పూల్ టేపుకు ముందు చెడేది జిగురు

స్పూల్ టేపు అంటే సన్నటి ప్లాస్టిక్ పట్టీ, దాని మీద ఐరన్ ఆక్సైడ్ పొడి, ఆ రెంటినీ కలిపి పట్టే జిగురు. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి నుంచి గుంటూరు, ఒంగోలు పల్లెలు దశాబ్దాలపాటు విన్న నాటకాలు, బుర్రకథలు చాలావరకు ఇలాంటి టేపుల మీదివే. అయస్కాంత ముద్ర అంత తేలిగ్గా చెరగదు. ముందు చెడేది జిగురే. ముఖ్యంగా 1970, 80ల నాటి కొన్ని టేపుల్లో అది గాలిలోని తేమ పీల్చి విడిపోతుంది. అప్పుడు టేపు కీచుమంటుంది, గోధుమరంగు మడ్డి మిషన్ హెడ్డుకు అంటుతుంది. ఆ మడ్డిలో పోయేది పాటే.

ఇలా జిగురు చెడిన పాలిస్టర్ టేపును 50-55 డిగ్రీల పొడి వేడిలో కొన్ని గంటలు ఉంచితే కొద్ది వారాలు ఆడుతుంది. డిజిటల్ కాపీ ఆలోపే తీసుకోవాలి. రెంటచింతల ఎండ ఉంది కదా అని ఆరుబయట పెడితే కుదరదు, వేడి నిలకడగా ఉండాలి. అంతకు ముందరి అసిటేట్ టేపు జబ్బు వేరు: పెళుసెక్కుతుంది, వెనిగర్ వాసన వేస్తుంది. దానికి ఈ వేడి వైద్యం అసలే పనికిరాదు.

ఇంట్లో పాత స్పూళ్లున్నవాళ్లు ‘ఆడుతుందో లేదో’ అని మిషన్‌లో పెట్టి చూడకండి. ముందు తెలిసినవాళ్లకు చూపించండి.