అవ్వ ముంతలో గింజలు

తెలుగు శాఖ గోడపత్రికలో అనపకాయల గోలేంటని నవ్వకండి. డిసెంబరు వస్తే హోసూరు సంతలో మనమంతా బేరమాడేది వాటికోసమే. సంక్రాంతికి పితికిపప్పు ఉడకని ఇల్లు మనలో ఎవరిదో చెప్పండి చూద్దాం!

నాటు అనపకు ఒక మొండితనం ఉంది. జూన్‌లో వేసినా ఆగస్టులో వేసినా, పగలు తగ్గి రాత్రి పొడుగైతేగానీ పూయదు. రాగి చేనులో మధ్యమధ్య ఒక సాలు వేస్తే, రాగి కోశాక కూడా తీగ పారుతూ వారాల తరబడి కాస్తుంది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల 'హెబ్బాళ్ అవరె' రకాలకి పొద్దుతో పని లేదు. పొట్టి మొక్క, కాపు దాదాపు ఒకేసారి. నీళ్లుంటే ఏ కాలంలోనైనా వేసుకోవచ్చు. నాలుగేళ్లుగా మా నాయన అవే వేస్తున్నాడు. నా హాస్టల్ ఫీజు అందులోంచే వచ్చింది, కాబట్టి కొత్త విత్తనాన్ని నేను తిట్టలేను.

అవ్వకు ఆ మొహమాటం లేదు. "ఇదేం కాయ మే, ఒలిస్తే చేతికి వాసనే అంటలేదు!" అంటుంది. నాటుకాయ తొక్క మీద జిడ్డు ఉంటుంది, వాసనంతా అందులోనే. విత్తనానికి ఏరేటప్పుడు అవ్వ ఒక్కో కాయనూ ముక్కు దగ్గర పెట్టి చూసేది. వాసన ఉన్నది విత్తనానికి, లేనిది కూరకి. బాటనీలో వరణం అని చదివింది ఇదే కదా అనిపించింది నాకు. అయినా ఆమె ముంతలో అన్నీ ఒకటే రకం కావు. తెల్ల పువ్వుదీ, ఊదా పువ్వుదీ, పలచకాయదీ, లావుకాయదీ కలిసే ఉంటాయి.

ఈ కలగాపులగం దేనికి పనికొస్తుందంటే, 'మారుతి' కంది కథ వినాలి. ఎండు తెగులును తట్టుకునే ఆ రకం 1986లో కర్ణాటకలో విడుదలైంది. కలబురగి వైపు కంది రైతుల్ని ఆదుకుంది. దాన్ని సంకరం చేసి పుట్టించలేదు, మహారాష్ట్రలో దొరికిన ఒక నాటు కందిలోంచి ఏరి తీశారు. ఆ నాటు విత్తనాన్ని ఎవరో ఏటేటా వేసుకుంటూ రాకపోయుంటే ఏరడానికేముంది? పటాన్‌చెరు ఇక్రిశాట్ జన్యు బ్యాంకులో ఇప్పుడు కంది నమూనాలే 13 వేలకు పైగా ఉన్నాయి. అవి చల్లటి గదిలో భద్రంగా ఉంటాయి, సరే. కానీ చేనులో ఉన్న విత్తనం ఏటేటా మన ఎండకీ మన పురుగుకీ ఎదురు నిలిచి మిగులుతుంది. గదిలో ఆ పరీక్ష జరగదు.

నాలుగేళ్లుగా అవ్వ ముంత చేను ముఖం చూడలేదు. పోయిన నెల మూత తీస్తే, బూడిద కలిపి పెట్టినా సగం గింజలకి పురుగు చిల్లులే. మంచివి ఇరవై ఏరి తడిగుడ్డలో కట్టింది అవ్వ. ఏడు మొలిచాయి. నాయన ఏమీ అనలేదు గానీ, మరుసటి రోజు రాగి చేను గట్టు పక్కన రెండు సాళ్లు వదిలిపెడతానన్నాడు.

ఏడింటికి ఒకటైనా మొలుస్తుందనుకుని, కాయలు కాస్తే సంక్రాంతి తర్వాత గింజలు తెస్తాను. ఇంట్లో కాస్త నేల ఉన్నవాళ్లు ముందే పేరు చెప్పండి. కూరకి మాత్రం ఇవ్వను.