అబ్బా ఎడమకాలు

అబ్బాకి మైలోమా అని తెలిసి అప్పటికి నాలుగు నెలలు. ఎముకల మూలగలో పుట్టే ఖూన్ కేన్సర్ అది. ఏడాదిపాటు నడుంనొప్పి అనుకుని బామ్ రాసుకున్నాక బయటపడింది. డాక్టరు రాసిన నుస్ఖాలో ముఖ్యమైనవి రెండు. లెనలిడొమైడ్ గోలీ 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపాలి. వారానికోసారి డెక్సామెథసోన్. అన్నిటికన్నా కింద ఆస్పిరిన్ 75.

ఆ ఆస్పిరిన్ దగ్గరే మేం తప్పు చేశాం.

కడుపులో మంట అన్నారు అబ్బా. "గుండెజబ్బు లేని మనిషికి ఆస్పిరిన్ ఎందుకంట?" అని అమ్మీ దాన్ని డబ్బాలోంచి తీసేసింది. నేనూ సరేనన్నాను. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే. డాక్టరుకి ఒక ఫోన్ చేద్దామన్న అఖల్ నాకే లేకపోయింది.

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు ఫజర్‌కి వజూ చేస్తూ అబ్బా పిలిచారు. "బేటీ, ఎడమకాలు బరువుగా ఉంది, చూడు." పిక్క గట్టిగా, వెచ్చగా తగిలింది. కుడికాలు మామూలుగానే ఉంది. స్టెరాయిడ్‌కి నీరు పట్టిందేమోలే అనుకున్నాం, కానీ నీరు పడితే రెండు కాళ్ళకీ పట్టాలి కదా? ఆ ఒక్క అనుమానమే మమ్మల్ని దవాఖానాకి తీసుకెళ్ళింది. డాప్లర్ తీస్తే లోపలి సిరలో ఖూన్ గడ్డకట్టి ఉంది.

"ఈ గడ్డ ముక్క విరిగి ఊపిరితిత్తుల్లోకి పోతే ఊపిరాడక మనిషి పోవచ్చు" అన్నారు డాక్టరు. ఆయన చెప్పాకే నాకు అర్థమైంది. కేన్సరే ఖూన్‌ని గడ్డకట్టే గుణంలోకి తోస్తుంది. లెనలిడొమైడ్, స్టెరాయిడ్ కలిస్తే ఆ ఖత్రా ఇంకా పెరుగుతుంది. పైగా నడుంనొప్పితో అబ్బా రోజంతా మంచం మీదే. ఈ లెనలిడొమైడ్ థాలిడొమైడ్‌కి తమ్ముడులాంటిది. గర్భంలోని పిల్లలకి చేతులూ కాళ్ళూ లేకుండా చేసిందని 1961లో యూరప్ మార్కెట్‌లోంచి తీసేసిన దవా అదే. తర్వాత మైలోమాకి పనికొచ్చింది. మేలు చేసే దవాకే ఇంకో ముఖం ఉంటుందని అప్పటిదాకా నాకు తోచలేదు. ఆ రెండో ముఖానికి కాపలా పెట్టిందే ఆస్పిరిన్. మేం ఆ కాపలావాణ్ణి ఇంటికి పంపేశాం.

ఎనాక్సపారిన్ సూదులు మొదలయ్యాయి. బొడ్డు పక్కన చర్మం కింద, పొద్దునా రాత్రీ. భాయిజాన్ వెయ్యడం నేర్చుకున్నాడు. రెండోరోజు చూడ్డానికొచ్చిన ఖాలూ ఫోన్‌లో ఏదో చదివి, "ఇది పంది పేగుల్లోంచి తీస్తారంట, తెలుసా?" అన్నాడు. అబద్ధం కాదు, నిజమే. అబ్బా చొక్కా కిందికి లాక్కున్నారు. ఇంకో మాట లేదు. అమ్మీ ముసల్లా మీద కూర్చుని ఏడ్చింది. ఖాలూ మీద నాకు వచ్చిన గుస్సా ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆ మాట చెప్పడానికి ఆ వేళే దొరికిందా? కానీ మేం ముందే తెలుసుకుని అడిగి ఉండాల్సింది అన్నది కూడా నిజం.

భాయిజాన్ ఇటు మౌల్వీసాబ్‌కీ, నేను అటు డాక్టరుకీ ఫోన్ చేశాం. మౌల్వీసాబ్ సూరె బఖరా 173వ ఆయత్ గుర్తుచేశారు. మజ్బూరీలో, ప్రాణం మీదికి వచ్చినప్పుడు, కోరిక లేకుండా తీసుకున్నదానికి గునా లేదని. "వేరే దవా దొరికితే దానికి మారండి. దొరికేదాకా ఆపొద్దు" అన్నారు. డాక్టరు కోప్పడలేదు. "ముందే చెప్తే బాగుండేది. పందితో సంబంధం లేని సూదీ ఉంది, గోలీ కూడా ఉంది. మైలోమాలో కిడ్నీలు దెబ్బతింటాయి కాబట్టి ఆ రిపోర్టు చూసి మారుద్దాం. అప్పటిదాకా ఒక్క డోసూ తప్పొద్దు" అన్నారు.

ఆ రాత్రి అబ్బా తనే చొక్కా ఎత్తి, "బిస్మిల్లా అను" అన్నారు భాయిజాన్‌తో.

వారానికి ఎపిక్సబాన్ గోలీలకి మారాం. కడుపుమంటకి వేరే మాత్ర ఇచ్చారు, అడిగితే మొదటే ఇచ్చేవారట. ఇప్పుడు ప్రతి జుమ్మా నమాజ్‌కి వెళ్ళేముందు అమ్మీ కుట్టుమిషన్ టేపు తీసుకుని అబ్బా రెండు పిక్కలూ కొలుస్తుంది. పాలలెక్క రాసే పుస్తకంలోనే రాస్తుంది. మొన్నటి లెక్క: కుడి 13, ఎడమ 13న్నర.