తప్పొప్పుల పట్టిక

ముందే ఒక మాట. ఇక్కడ మేం అంటే ఒక్కరమే. అబ్బా తన గురించి చెప్పుకున్నా 'హమ్' అనేవారు. ఆ అలవాటు మా తెలుగులోకీ వచ్చింది. అక్కడక్కడ ఆ 'మేం'లోకి మండీబజార్ మొత్తం వచ్చి కూచుంటే మేమేం చేసేది?

2020 లాక్‌డౌన్‌లో పత్రికలు పేజీలు తగ్గించుకున్నాయి. పేజీలతో పాటు మమ్మల్నీ తగ్గించాయి. పదిహేనేళ్లు డెస్కులో కూచున్నవాళ్లకు ఇంకేం వస్తుంది? వాక్యం దిద్దడం వస్తుంది. మాకు రెండు భాషల్లో వస్తుంది. అదే అమ్ముకుందామనుకున్నాం.

మొదట దొరికింది పుస్తకం కాదు, షాదీ రుఖా. ఉర్దూ ఇన్‌పేజ్‌లో, తెలుగు అనూలో. పెళ్లికొడుకు పేరు ఉర్దూలో ఒక తీరు, తెలుగులో ఇంకో తీరు, ఆధార్ కార్డులో మూడో తీరు. ముగ్గురూ ఒక్కడేనని తేల్చినందుకు రెండొందలు ఇచ్చారు.

తర్వాత హన్మకొండలో ఒకాయన తెలుగు సిద్ధాంత గ్రంథం దిద్దాలని ఫోన్ చేశాడు. మాట్లాడినంతసేపూ "సార్" అన్నాడు. పేరు చెప్పాక కాసేపు ఆగి, "తెలుగు మీరే చూస్తారా?" అన్నాడు. రెండు పేజీలు దిద్ది చూపించమన్నాడు. నమూనా అడగడం తప్పు కాదు. పేరు విన్నంక అడగడమే గుచ్చుకుంది. మా ఓరుగల్లు గడ్డ మీద పుట్టిన దాశరథి గాలిబ్‌ను తెలుగు చేశాడు. 'గాలిబ్ గీతాలు' చేతికిచ్చినప్పుడు ఆయన్ను ఎవరైనా నమూనా పేజీలు అడిగారా?

అయినా దిద్దాం. ఇల్లు నడవాలి గదా. పదహారు పేజీల ఫారానికి ఇంత అనీ, ఇన్ని ప్రూఫులే చూస్తామనీ ముందే ఒప్పుకోవాలని అప్పటికి తెలియదు. అయిదుసార్లు చూశాం, ఒక్కసారి పైసలొచ్చాయి. అనూలో కొట్టింది యూనికోడ్‌లోకి మారిస్తే వత్తులు చెదురుతాయని, మళ్లీ మొదటి నుంచీ చదవాలని అప్పుడే నేర్చుకున్నాం.

ఇవన్నీ చిన్న సంగతులు. అసలు సంగతి నర్సంపేట వైపు పల్లె నుంచి కథలు పట్టుకొచ్చిన పిల్లవాడిది.

మంచి కథలు. అందులో అమ్మ మాట్లాడుతుంది. "నక్కో" అంటుంది, "హౌ" అంటుంది, "కైకు" అంటుంది. మేం ఎర్ర పెన్ను తీశాం. నక్కో పోయి నహీఁ వచ్చింది. హౌ పోయి జీ హాఁ వచ్చింది. అమ్మీ అమ్మీజాన్ అయింది. ఆపైన దస్తర్‌ఖాన్ పక్కన బ్రాకెట్టు పెట్టి 'భోజనానికి పరిచే గుడ్డ' అని రాశాం. చాలా శ్రద్ధగా చేశాం. చిన్నప్పుడు బడిలో నక్కో అన్నందుకు ఉర్దూ ఉస్తాద్ చేతిలో తిన్న దెబ్బలు, డెస్కులో ఇంతెకాల్ అని రాసినందుకు విన్న మాటలు, అన్నీ కలిసి మా పెన్నులోకి దిగాయి.

ఆ పిల్లవాడు ప్రూఫులు తిరగేసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "భయ్యా, మా అమ్మీ గిట్ల మాట్లాడది గద. ఈమె ఎవరో పెద్దింటామె."

మాకు నోట మాట రాలేదు. 1998లో 'జల్‌జలా' వచ్చినప్పుడు మేం ఇంటర్ పిల్లలం. మా ఇండ్లల్ల మాటలు తెలుగు అక్షరాల్లో చూసి పొంగిపోయినవాళ్లం. ఆ మేమే ఒక తల్లి నోరు కడిగేశాం. కలం, కాగితం, జవాబు, హక్కు, ఇవన్నీ మా దిక్కు నుంచే తెలుగులోకి వచ్చాయి. వాటి పక్కన ఎవరూ బ్రాకెట్టు పెట్టరు. దస్తర్‌ఖాన్‌కు పెట్టింది మేమే, ఇంకెవరో కాదు.

"రెండ్రోజులు టైమియ్యి బేటా" అన్నాం.

కొట్టేసినవన్నీ ఒక్కొక్కటీ వెతికి తిరిగి పెట్టాం. బ్రాకెట్లు తీసేశాం. ఈసారి పేజీలు గట్టిగా చదువుతూ దిద్దాం. వంటింట్లోంచి మా అమ్మీ, "ఎవరొచ్చిన్రు, మన భాషల మాట్లాడుతున్నరు?" అనడిగింది.

ఈ రెండో దిద్దుబాటుకు పైసలు అడగలేదు. పిల్లవాడు ఇస్తానన్నా తీసుకోలేదు.

పుస్తకం వచ్చాక మొదటి కాపీ తెచ్చిచ్చాడు. చాయ్ తాగి, పోయేముందు నవ్వుతూ 41వ పేజీ తీసి చూపించాడు. అక్కడొక అమ్మీజాన్ అట్లనే ఉండిపోయింది.